అమ్మమ్మ క్యాసెట్లు కంప్యూటర్లోకి

విజయనగరంలో మా ఇంటి అటక మీద దొరికిన క్యాసెట్లలో అమ్మమ్మ పాడిన దంపుళ్ల పాటలున్నాయి, టేపు పాడైపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించాలని కూర్చున్నాను. క్యాసెట్ ప్లే చేసే డెక్ వెనక, శబ్దం బయటికిచ్చే లైన్ అవుట్ నుంచి కేబుల్ తెచ్చి కంప్యూటర్ గులాబీ రంగు మైక్ సాకెట్లో పెడితే రికార్డింగ్‌లో అమ్మమ్మ గొంతంతా పగిలిపోయింది. మైక్ సాకెట్ మిల్లీవోల్టుల సిగ్నల్ కోసం, డెక్ ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. నీలం రంగు లైన్ ఇన్‌లోనే పెట్టాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో శాంపిల్ రేటు 44,100 హెర్ట్జ్ ఎంచుకుని, గట్టిగా పాడిన చోట కూడా శబ్దం స్థాయి చూపే మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి, ఇది మాత్రం అశ్రద్ధ చేయొద్దు, పగిలిన రికార్డింగ్‌ని తర్వాత బాగుచేయడం చాలా కష్టం. నాకింకా గుయ్‌మని హమ్ వచ్చింది, లాప్‌టాప్ ఛార్జర్ తీసేయగానే పోయింది. అప్పుడు వినిపించాయి, రోకటి పోటుకీ పోటుకీ మధ్య అమ్మమ్మ గాజులు.