ఎడం కన్ను

పోయినేడాది ఒకరోజు పొద్దున్నే, బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లో పళ్ళు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్ళు నోటి ఎడం మూల నుంచి కారిపోయాయి, అద్దంలో చూసుకుంటే మొహం సగం జారిపోయి ఉంది. పక్షవాతం అనుకున్నా, కాళ్ళు వణికాయి. హాస్పిటల్‌లో డాక్టర్ గారు నుదురు ముడవమన్నారు, ఎడం వైపు అస్సలు ముడత పడలేదు. స్ట్రోక్‌లో మామూలుగా నుదురు కదులుతుందంట, ఇది బెల్స్ పాల్సీ, మొహానికెళ్ళే ఏడో నరం వాచిందన్నారు. 72 గంటల్లోపే మొదలుపెట్టాలని ఆరోజే స్టెరాయిడ్ ఇచ్చారు.

కన్నే చాలా ఏడిపించింది. రెప్ప మూతపడదు, పగలు చుక్కలు, రాత్రి టేపు. కింది రెప్ప వదులైపోయి నీళ్ళు చెంప మీదికి కారుతూనే ఉంటాయి. లిఫ్టులో పక్కింటాయన "ఊర్లో అందరూ బాగున్నారా సార్" అని మెల్లగా అడిగాడు. ఏడవట్లేదండీ, నరం ప్రాబ్లం అన్నా. అడగనివాళ్ళక్కూడా చెప్పేవాణ్ణి, ఎందుకంత ఖంగారో నాకు తెలుసు.

మాది మదనపల్లి పక్క పల్లె. 87, 88లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం వస్తుంటే వీధిలో ఉన్న ఒక్క టీవీ ముందు అందరం కింద కూర్చునేవాళ్ళం, హిందీ ముక్క రాదు కానీ కథ అందరికీ తెలుసు కదా. లక్ష్మణుడు మూర్ఛపోయిన రోజు రాముడు తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే నేనూ వెక్కివెక్కి ఏడ్చా, నాకప్పుడు ఎనిమిదేళ్ళు. "మగోడివై ఏడుస్తావేమిరా, ల్యా ఈడ్నించి" అని మా నాయన అందరి ముందూ అరిచాడు. లేస్తూ చూశా, టవలు ఆయన కళ్ళ మీదే ఉంది. రాముడు ఏడవచ్చు, నాయన టవలు చాటున ఏడవచ్చు, నేను మాత్రం వద్దంట. ఆ తర్వాత మా జేజి పోయినప్పుడు కూడా పళ్ళు బిగించుకుని నిలబడ్డా.

జబ్బు రెండో వారంలో నాయన వీడియో కాల్ చేశాడు. కాసేపు ఊరికే చూసి "ఏడుస్తాండావా నాయనా?" అన్నాడు, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. లేదు నాయనా, నరం... అంటుండగానే కుడి కన్ను కూడా తడిసిపోయింది, దానికి ఏ జబ్బూ లేదు.

మూడు నెలలకి మొహం చాలావరకు సర్దుకుంది. కొన్నాళ్ళ తర్వాత కొత్తది మొదలైంది, తినేటప్పుడు ఎడం కంట్లోంచి నీళ్ళు. నరం మళ్ళీ పెరిగేటప్పుడు నోట్లో లాలాజలానికి వెళ్ళాల్సిన పోగులు కొన్ని దారితప్పి కన్నీటి గ్రంథికి వెళ్తాయంట, కొంతమందికే ఇలా అవుతుందంట.

సంక్రాంతికి ఊరెళ్ళా. నాయన పక్కన కూర్చుని సంగటి తింటుంటే కారాయి. ఏమీ అడక్కుండా భుజం మీది టవలు తీసి నా వైపు జరిపాడు. నరం గురించి నేనూ ఎత్తలేదు.