పాత కారు పెట్రోల్ ట్యాంకు: తుప్పు కంటే జిడ్డుతోనే చిక్కు

మా పాత కారు ఎత్తు ఎక్కేటప్పుడల్లా ఆయాసపడి ఆగిపోవడం మొదలైనప్పుడు నేను ముందుగా కార్బురేటర్‌ను అనుమానించాను. దానిని రెండుసార్లు విప్పి, కడిగి, బిగించిన తరువాత గాని పెట్రోల్ ఫిల్టర్ అడుగున పేరుకున్న పలుచని పొరల మీద నా దృష్టి పడలేదు. అవి తుప్పు పెచ్చులు కావు. రెండేళ్ల క్రితం నేను స్వయంగా ట్యాంకులో పోసిన సీలరే, అంటే లోపలి రేకుకు పూతలా అంటుకుని గట్టిపడే ద్రవమే, పాము కుబుసంలా ఊడి వచ్చింది. ఆనాడు ట్యాంకులో తుప్పు పోయిందో లేదో చూశాను గాని, జిడ్డు పోయిందో లేదో చూడలేదు.

కాబట్టి ట్యాంకును మళ్లీ దించవలసి వచ్చింది. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరమని చాలామందికి తెలియదు. పెట్రోల్ ఆవిరి గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పు అందుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరి ఆ హద్దును మించి ఉంటుంది గాని, ఖాళీ చేసిన ట్యాంకులో గాలి చేరి అది సరిగ్గా ఆ మోతాదుకు వచ్చే అవకాశం ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కనుక నేల వెంట పాకుతుంది. అందుచేత పనంతా ఆరుబయటే చేశాను. పెట్రోల్ మట్టాన్ని కొలిచే గేజ్ యూనిట్‌ను పట్టి ఉంచే రింగును ఇనుప ఉలితో కాక ఇత్తడి కడ్డీతో తట్టి విప్పాను. లోపల చూడడానికి తీగ బల్బు బదులు చిన్న టార్చి వాడాను. ఆవిరిని లాగివేయడానికి వాక్యూమ్ క్లీనర్ వాడవచ్చునని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు; దాని మోటారులో పుట్టే నిప్పురవ్వ ఒక్కటి చాలు.

పాత ట్యాంకులు చాలావరకు సీసం, తగరం కలిసిన పూత వేసిన ఉక్కు రేకుతో చేసినవి. ఆ పూతను గీకినప్పుడు రేగే ధూళిలో సీసం ఉంటుంది కనుక మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. తుప్పు ముఖ్యంగా రెండు చోట్ల పడుతుంది. పెట్రోల్ మట్టానికి పైన ఖాళీగా ఉండే భాగంలో, రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ రేకు మీద బొట్లు కడుతుంది. ఆ నీరు పెట్రోల్ కంటే బరువైనది కనుక అడుగుకు దిగి, మూలల్లో నిలిచి అక్కడ రేకును తింటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ కొంత తేమను తనలో కలుపుకుంటుంది గాని, కారు నెలల తరబడి కదలకుండా ఉండి తేమ హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగున చేరుతాయి.

పాత సీలర్‌ను అసిటోన్ పోసి, ట్యాంకును అటూ ఇటూ తిప్పుతూ మూడు రోజుల పాటు నాననిచ్చి వదిలించాను. తరువాత వేడినీటిలో జిడ్డు వదిలించే మందు కలిపి, ఒక గొలుసు ముక్కను లోపల వేసి చేతులు నొప్పి పుట్టేదాకా ఊపాను. ఆ గొలుసును పూర్తిగా బయటకు తీయగలమని నిర్ధారించుకున్నాకే లోపల వేయాలి; విడి నట్లు వేస్తే, లోపలి అడ్డుపలకల వెనుక ఒకటైనా చిక్కుకుని జీవితాంతం గలగలమంటుంది.

మొదటిసారి నేను వదిలేసిన పరీక్ష ఇక్కడే చేయాలి. కడిగిన తరువాత మామూలు నీరు పోసి వంచి చూడాలి. తామరాకు మీద బొట్లలా నీరు ముద్దకట్టి జారిపోతే రేకుకు ఇంకా జిడ్డు అంటి ఉన్నట్టే. పలుచని పొరగా అంతటా పరుచుకుంటేనే సీలర్‌కు పట్టు దొరుకుతుంది. నాకు ఆ పొర నాలుగోసారి కడిగాక గాని కనిపించలేదు.

తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం వాడాను. అది మిగిలిన తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. ట్యాంకులో వాషింగ్ సోడా కలిపిన నీరు నింపి, అందులో ఒక లోహపు కడ్డీని దించి విద్యుత్తు పంపే పద్ధతి కూడా మంచిదే గాని, అది కడ్డీకి ఎదురుగా ఉన్న రేకు మీద పనిచేసినంతగా అడ్డుపలకల చాటున పనిచేయదు, పైగా హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీని మాత్రం వాడకూడదు, నీటిలో విషపూరితమైన క్రోమియం చేరుతుంది.

శుభ్రపడ్డాక అడుగున రెండు సూది రంధ్రాలు బయటపడ్డాయి. అంతవరకు వాటిని మూసి ఉంచింది తుప్పే. పెట్రోల్ ట్యాంకు దగ్గరకు మంట తీసుకువెళ్లే పనిలో నేను వేలు పెట్టను. అనుభవజ్ఞుడైన పనివాడి చేత వాటికి సోల్డరింగ్ చేయించాను. తరువాత గొట్టాలన్నీ మూసి, సైకిల్ పంపుతో కొద్దిపాటి గాలి ఎక్కించి, సబ్బునీరు రాసి చూశాను. గాలి ఒత్తిడి రెండు మూడు పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటితే పలుచని రేకు ఉబ్బిపోతుంది.

రంధ్రాలు లేని, పైపైన మాత్రమే తుప్పు పట్టిన ట్యాంకుకు సీలర్ అవసరం లేదని ఇప్పుడు నా అభిప్రాయం. నాదానికి అవసరమే గనుక, ఇథనాల్‌ను తట్టుకునే ఎపాక్సీ రకాన్ని ఎంచుకున్నాను. ట్యాంకు పూర్తిగా ఆరిన తరువాత దానిని పోసి, ఆరు వైపులా నెమ్మదిగా తిప్పి, మిగిలినదంతా ఒంపేశాను. ఎక్కువ ఉంటే మంచిదనుకుని అడుగున మడుగులా వదిలేస్తే అది లోపల సరిగా గట్టిపడదు. అది చిక్కబడుతున్నంతసేపు పెట్రోల్ పోయే గొట్టంలోనూ, గాలి గొట్టంలోనూ మెల్లగా గాలి ఊదుతూనే ఉన్నాను. గాలి గొట్టం మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి కారు మళ్లీ అదే ఎత్తు మీద ఆగిపోతుంది. డబ్బా మీద నాలుగు రోజులని రాసి ఉంది, నేను పది రోజులు ఆగాను.

బిగించేటప్పుడు పట్టీల కింద నీరు పట్టి ఉంచిన పాత రబ్బరును మార్చి, గేజ్ రింగుకు కొత్త వాషర్ వేశాను. ఆ ఫిల్టర్‌ను ఈమధ్య విప్పి తెల్ల గుడ్డ మీద దులిపి చూస్తే, నాలుగైదు ఇసుక రేణువుల వంటివి తప్ప ఏమీ రాలలేదు.