చప్పట్లు వినపడాలి కదా

"ఆగు, మళ్లీ మొదట్నుంచి పెట్టు" అంది అక్క, బెండకాయలు తరుగుతూనే. ఫోన్‌లో ఎడ్విన్ హాకిన్స్ బృందం పాడిన 'ఓ హ్యాపీ డే'. అమెరికా నల్లజాతి చర్చిల్లో పాడే గాస్పెల్ భక్తి పాట.

ముందు పియానో. తర్వాత డొరతీ మారిసన్ గొంతు, తాపీగా, బొంగురుగా. ఆమె ఎత్తుకోగానే కోయిర్, అంటే వెనక పాడే బృందం మొత్తం అందుకుంటుంది, అచ్చం మన భజనల్లో లాగే. ఇక చప్పట్లు మొదలయ్యాక కాలు ఆగదు.

1967లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, చర్చిలోనే రికార్డు చేశారు. కుర్రకారు కోయిర్. ప్రయాణ ఖర్చులకు నాలుగు డబ్బులు వస్తాయని తీసిన ఎల్పీ రికార్డు అది. 1969లో రేడియోలు పట్టుకోవడంతో పాప్ చార్టుల్లోకి ఎక్కి కూర్చుంది.

ఇప్పటి కోయిర్ వీడియోల్లో లైట్లు, పొగ, అందరికీ ఒకే రంగు బట్టలు. శ్రుతి ఎక్కడా ఇసుమంత తప్పదు. నాకు మాత్రం ఒక్కటీ మనసుకు పట్టదు. ఆ హాల్లో మనుషులున్నారని తెలియాలి కదా!

అక్క ఒప్పుకోలేదు. "కర్క్ ఫ్రాంక్లిన్ సంగతేంటి మరి?" అంది. ఈ కాలపు గాస్పెల్ కోయిర్ నాయకుడు అతను, అతని విషయం వేరు. తను పెద్దగా పాడడు, పక్కన గెంతుతూ, కేకలేస్తూ కోయిర్‌తో పాడిస్తాడు. సరే, ఆయనకు మినహాయింపు ఇచ్చాను. మిగతావాళ్ల గురించి వాదన ఇంకా నడుస్తోంది.