సింగ్‌నగర్ గోడ మీద మరక

నిన్న మా టౌన్ ప్లానింగ్ క్లాసు పిల్లల్ని విజయవాడలోని సింగ్‌నగర్ తీసుకెళ్లాను. మ్యాప్‌లో బుడమేరు వాగు సన్నటి నీలి గీత, అంతే. ఇక్కడ ఒక మామ్మగారి ఇంట్లో, స్విచ్ బోర్డుకి జానెడు పైన, 2024 సెప్టెంబరు వరద మరక ఇంకా ఉంది. "ఇక్కడిదాకా వచ్చాయమ్మా, పప్పు డబ్బాలన్నీ తేలాయి" అని అరచెయ్యి గోడకి ఆనించి చూపించారు. పిల్లలు టేపు పెట్టి కొలిచారు.

అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణ అంత నిండుగా ఉంటే బుడమేరు వరదని అందులోకి మళ్లించే డైవర్షన్ కాలువ నీళ్లు కలవలేక ఎగదన్నుతాయి. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పానో! ఆ గోడ దగ్గర ఒక్కసారికే అర్థమైంది.

తిరిగొచ్చాక ఒకమ్మాయి తన డ్రాయింగ్‌లో పార్కింగ్ చెరిపేసి చెరువు గీసింది. "మేడం, మామ్మగారు మేడ మెట్లెక్కలేరు కదా, పడవ ఎక్కడ ఆగాలి?" అన్నాడు ఇంకో అబ్బాయి. సోమవారం క్లాసు ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.