కోరంగి పర్రల్లో: ఎక్కడ తవ్వాలి, ఎక్కడ వదిలేయాలి

కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుంటే చొల్లంగి దాటాక ఎడమ చేతి వైపు మడ అడవి మొదలవుతుంది. కోరంగిలో చెక్క వంతెన మీద నడిచి ఫొటోలు దిగి వచ్చేసేవాళ్లకు కనిపించేది దట్టమైన అడవి. మేం చూడాలనుకున్నది అడవి పోయి పర్రలుగా మారిన చోట్లు, అక్కడ మళ్లీ మడ పెంచాలంటే ఏం చేయాలో. పోటు ఎక్కుతుండగా పడవెక్కాం. నీరు తీస్తే చిన్న పాయల్లో పడవ బురదలో కూర్చుంటుంది.

పాయ మలుపు తిరగగానే పర్ర బయటపడింది. పగుళ్లిచ్చిన నేల, తెల్లటి ఉప్పు, అక్కడక్కడా ఎండిన మోళ్లు. చోటు ఎంచుకోవడానికి ముందు చూడాల్సింది ఆ మోళ్లనే, అడవి ఒకప్పుడు అక్కడే ఉండేదనడానికి అవే రుజువు. కూపులు వేసి, అంటే అడవిని ముక్కలుగా పంచి వంతులవారీగా, నరికిన చోట బురద ఎండకు ఆరి, పళ్లెంలా కుంగుతుంది. పెద్ద పోటుకు లోపలికొచ్చిన నీరు తిరిగి పోలేక ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, ఇలాంటి గుంటల్లో వేసవికి అది రెట్టింపు దాటుతుంది. ఉప్పుకు బాగా ఓర్చే తెల్లమడ కూడా బతకదు. కాలువ లేకుండా ఇక్కడ ఎన్ని వేల మొక్కలు నాటినా దండగే.

అందుకే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్లవాళ్లు కలిసి 1990ల చివరి నుంచి ఈ డెల్టాలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఐమూలగా పిల్ల కాలువలు. పెద్ద కాలువ పైన 3 మీటర్లు, అడుగున 1 మీటరు వెడల్పు, ముప్పావు మీటరు లోతు ఉంటే సరిపోతుంది. నిట్టనిలువుగా తవ్వితే గట్లు జారిపడతాయి. మట్టం తీయకుండా తవ్వితే నీరు ఎక్కుతుంది గానీ దిగదు, పాత రోగమే మళ్లీ. ఒక వానాకాలం ఉప్పును కడిగాక కాలువ వాలు మధ్యలో నాటాలి. మరీ అడుగున నాటితే మొక్క మునిగే ఉంటుంది, మరీ పైన నాటితే ఎండుతుంది. రెండు మూడేళ్లకు పూడిక తీయాలి. బడ్జెట్లలో మొదట ఎగిరిపోయే ఖర్చు అదే.

నిలిచున్న అడవికి ఆనుకున్న పర్రకే మా ఓటు. విత్తనాలు పోటుతో వాటంతటవే వస్తాయి. బావురు పిల్లి, నీటికుక్క తిరగడానికి అడవి తెగకుండా ఉంటుంది. మడ అడవి పట్టి ఉంచే కార్బన్‌లో పెద్ద వాటా చెట్లలో కన్నా బురదలోనే ఉంటుంది కాబట్టి, ఉన్న అడవి నేలను చేపల, రొయ్యల చెరువులకు తవ్వనివ్వకపోవడం కొత్తగా నాటడం కన్నా ముందు పని.

తిరుగుదారిలో కాకినాడలో కుంభాభిషేకం రేవు దగ్గర ఆగాం. అక్కడి బురద మేటలు ఖాళీగా కనిపిస్తాయి, మొక్కలు నాటేద్దామనిపిస్తుంది. అలా చేస్తే అలలకు మొక్కలూ పోతాయి, బురదలో మేసే వలస ఉల్లంకి పిట్టలకు మేతా పోతుంది. చూడాలంటే చలికాలంలో, పోటు ఎక్కుతున్న వేళ వెళ్లండి. నీరు తోసుకొచ్చేకొద్దీ పిట్టలు ఒడ్డుకు దగ్గరవుతాయి.