మనవులు లేని ఉపవాసం

మా సంఘంలో ఉపవాసం అంటే మనవులే. శుక్రవారం ఉపవాస కూడికలో ఒకరు కొడుకు ఉద్యోగం గురించి, ఒకరు కూతురి సంబంధం గురించి, ఇంకొకరు వీసా గురించి చీటీ రాసిస్తారు. పాస్టరుగారు పేరుపేరునా చదివి ప్రార్థిస్తారు. నేను యెరూషలేము యాత్రకి బయల్దేరుతుంటే, కూలిన యూదుల ఆలయ ప్రాంగణంలో మిగిలిన పడమటి గోడ సందుల్లో పెట్టమని అలాంటి చీటీలే ఓ కట్ట ఇచ్చారు. ఆ కట్ట హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే తిరిగాను.

మేం వెళ్లింది జూలై నెలాఖరు. యూదులు ఉపవాసంతో దుఃఖపడే ఆవ్ నెల తొమ్మిదో రోజు, వాళ్లు తిషా బెఆవ్ అనేది, మేం అక్కడ ఉండగానే వచ్చింది. సాయంత్రం ఆ ఉపవాసం మొదలవుతుందనగా, పొద్దున ఒలీవల కొండ మీద దోమినుస్ ఫ్లెవిత్ గుడికి వెళ్లాం. యేసు పట్టణాన్ని చూసి ఏడ్చాడని లూకా 19లో ఉందే, దాని జ్ఞాపకంగా 1955లో కట్టిన గుడి. కన్నీటి బొట్టు ఆకారం. బలిపీఠం వెనక కిటికీలోంచి చూస్తే ఒకప్పుడు ఆలయం ఉన్న గుట్ట ఎదురుగా కనబడుతుంది. మేం ఆ భాగం చదువుకుని కళ్లు తుడుచుకుంటుంటే మా గైడ్ అన్నాడు: "ఈ రాత్రి కింద వాళ్లూ ఇదే పట్టణం కోసం ఏడుస్తారు."

క్రీ.పూ. 586లో బబులోను సైన్యం సొలొమోను కట్టిన ఆలయాన్ని కాల్చేసింది. క్రీ.శ. 70లో టైటస్ నడిపిన రోమా సైన్యం రెండో ఆలయాన్ని నేలమట్టం చేసింది. ఈ రెండిటికీ కలిపి ఒకే రోజు దుఃఖపడతారు. అరణ్యంలో, కనాను దేశం చూసొచ్చిన వేగులవాళ్ల మాట విని జనం దేవుణ్ణి నమ్మక గుడారాల్లో ఏడ్చిన రాత్రి కూడా ఇదేనట. కారణం లేకుండా ఏడ్చారు కాబట్టి తరతరాలు ఏడవడానికి ఈ రాత్రే మిగిలింది అంటారు వాళ్ల పెద్దలు. అప్పటిదాకా పడమటి గోడని చూసి చరిత్ర అనుకున్నాను. ముందురోజు గోడ నైరుతి మూల కింద రోమా సైనికులు పైనుంచి దొర్లించిన బండలు చూశాం. ఏనుగంతేసి రాళ్లు, పడ్డ చోటే కుప్పగా ఉన్నాయి. వాటి బరువుకి అప్పటి వీధి పలకలు కుంగిపోయి విరిగాయి. ఆ పలకల మీద చెయ్యి పెట్టినప్పుడు రాని దుఃఖం మర్నాడు రాత్రి మనుషుల్ని చూస్తే వచ్చింది.

"ఈ రాత్రి ఎవరికీ షాలోమ్ చెప్పకండి" అని గైడ్ ముందే హెచ్చరించాడు. మన తెలుగు క్రైస్తవులకి షాలోమ్ అనేది నోటి చివరే ఉంటుంది కదా. కానీ ఆ రోజు వాళ్లు పలకరింపులు మానేస్తారు. చావింటికి వెళ్లినవాళ్లు "వెళ్లొస్తాం" అనకుండా లేచి వచ్చేసినట్టే. తిండి లేదు, మంచినీళ్లు కూడా లేవు. సూర్యాస్తమయం నుంచి మర్నాడు చీకటి పడేదాకా, దాదాపు 25 గంటలు. స్నానం లేదు, తోలుచెప్పులు వేసుకోరు. ఉపవాసానికి ముందు తినేది కూడా రొట్టె, బూడిదలో అద్దిన ఉడికించిన గుడ్డు. ధర్మశాస్త్ర అధ్యయనం వాళ్లకి సంతోషం కాబట్టి అది కూడా ఆ రోజు లేదు. యోబు, యిర్మీయా, విలాపవాక్యములు లాంటివే చదువుతారు.

గోడ దగ్గర ఆడవాళ్ల వైపు అందరూ రాతినేల మీదే కూర్చున్నారు. గుంపులు గుంపులుగా ఎవరి రాగంలో వాళ్లు విలాపవాక్యములు చదువుతున్నారు, ఒకరి గొంతు ఒకరితో కలవడం లేదు. నా పక్కన పదేళ్ల పిల్ల ఒకతె ఫోన్ లైటు పుస్తకం మీద పట్టి, వాళ్లమ్మ చదివే వరస వెంట వేలు జరుపుతోంది. తడబడితే తల్లి ఆగుతుంది, పిల్ల వేలు కదిలాక మళ్లీ మొదలుపెడుతుంది. నేనూ తెలుగు బైబిలు తెరిచాను. "జనభరితమైన పట్టణము ఎట్లు ఏకాకియాయెను?" ఎన్నిసార్లో చదివిన మాట. ఆ పట్టణంలోనే నేల మీద కూర్చుని చదువుతుంటే గొంతు పెగల్లేదు. బ్యాగులో చీటీలు ఉన్నాయి, గోడ పది అడుగుల్లో ఉంది. అయినా అక్కడ వీసా మాట ఎత్తాలనిపించలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం దాటాక నేల మీంచి లేచి కుర్చీల్లో కూర్చోవడం మొదలైంది. నా పక్కకి చేరిన పెద్దావిడ కుటుంబం 1950ల్లో కొచ్చి నుంచి వచ్చిందట. ఇండియా నుంచి వచ్చానంటే చెయ్యి వదల్లేదు. ఎందుకీ రోజు ఇంత కఠినం అని అడిగాను. ఆవిడ తల్మూదులోని, అంటే పాతకాలం యూదు గురువుల బోధల గ్రంథంలోని కథ చెప్పింది.

యెరూషలేములో ఒకాయన విందు చేశాడు. కమ్సా అనే స్నేహితుణ్ణి పిలవమంటే పనివాడు బర్ కమ్సా అనే పగవాణ్ణి పిలుచుకొచ్చాడు. బంతిలో అతన్ని చూడగానే ఇంటాయన లేచి పొమ్మన్నాడు. "వచ్చాను కదా, ఉండనివ్వు, తిన్నదానికి డబ్బిస్తాను." కాదన్నాడు. "సగం విందు ఖర్చు నాది." కాదు. "మొత్తం నాదే." చెయ్యి పట్టుకుని లేపి బయటికి గెంటాడు. ఆ బంతిలో పండితులూ ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ అవమానంతో అతను రోమా వాళ్ల దగ్గరికి వెళ్లి మనవాళ్లు తిరగబడుతున్నారని చెప్పాడు. అక్కణ్నుంచి పట్టణం తగలబడేదాకా వచ్చింది.

"రోమా వాళ్లు కూల్చారు అని ఊరుకోవచ్చు. మా గురువులు ఊరుకోలేదు" అంది ఆవిడ. రెండో ఆలయం నాటి జనం ధర్మశాస్త్రం చదివారు, ఆజ్ఞలు పాటించారు, ఉపకారాలూ చేశారు, అయినా ఊరికే ఒకరినొకరు ద్వేషించుకున్నందుకే అది పోయిందని తల్మూదు చెబుతుంది. ఓడిపోయినవాళ్లు ముందు తమనే నిలదీసుకోవడం, అదీ ఇన్ని వందల ఏళ్లుగా, ఏటేటా నేల మీద కూర్చుని! నాకు ఈ ఉపవాసం అర్థం అక్కడ తెలిసింది. మిగతా ఉపవాస దినాల్లో చేసే క్షమాపణ వేడుకోళ్లు కూడా ఈ రోజు చెయ్యరట. విలాపవాక్యములు 1:15లో దీనికి పండగకి వాడే హీబ్రూ మాటే ఉంది కాబట్టి, పైగా ఈ ఉపవాసాలు పండగలవుతాయని జెకర్యా 8లో దేవుడు మాటిచ్చాడు కాబట్టి, దుఃఖంలో ఉన్నా దీన్ని రాబోయే పండగ లెక్కలోనే చూస్తారట.

మధ్యాహ్నం ప్రార్థనకి మగవాళ్లు, పొద్దున పక్కన పెట్టిన తెఫిల్లీన్, అంటే లేఖన వాక్యాలుండే చిన్న తోలుపెట్టెలు తీసి నుదుటికీ చేతికీ కట్టుకున్నారు. ఓదార్పు ప్రార్థన మొదలైంది. అప్పుడు వెళ్లి చీటీలన్నీ గోడ సందుల్లో పెట్టాను.

ఇంటికొచ్చినా ఆ విందు కథ వదల్లేదు. మా ఊళ్లో ఒకే ప్రభువు పేరున రెండు గుళ్లున్నాయి. నడిస్తే రెండు నిమిషాలు. ఒకరి గుడి గుమ్మం ఇంకొకరు తొక్కరు, ఎందుకో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాల్లో ఒక శుక్రవారం మనవుల చీటీలు లేకుండా ఉపవాసం ఉందామని మా సంఘంలో అడిగాను. మనవులు లేకపోతే ఉపవాసం దేనికమ్మా అన్నారు కొందరు. విందు కథ చెప్పాను. పాస్టరుగారు ఒప్పుకున్నారు. ఆ రోజుకి అవతలి గుడివాళ్లని కూడా పిలవాలన్నాను. దానికి మాత్రం పెద్దలు ఇంకా ఏమీ చెప్పలేదు. ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాను.