ఉప్పు పోసి చూడండి, గ్యాసు లెక్క తర్వాత

మన శ్రీకాకుళం లాంటి ఊరికి రోజుకు కోటి లీటర్ల మురుగునీటి ప్లాంటు అనుకుందాం. లీటరుకు 40 మిల్లీగ్రాముల చొప్పున రోజూ 400 కిలోల నైట్రోజన్ లోపలికొస్తుంది. ఐపీసీసీ (ఐరాస వాతావరణ సంఘం) 2019 గుణకం ప్రకారం అందులో 1.6 శాతం, అంటే 6.4 కిలోల నైట్రోజన్, భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. నైట్రోజన్ బరువును గ్యాసు బరువుగా మార్చే 44/28తో గుణిస్తే 10 కిలోల గ్యాసు. ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడెక్కిస్తుంది కాబట్టి 273తో హెచ్చిస్తే 2.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ప్లాంటు రోజుకు 3,000 యూనిట్ల కరెంటు కాల్చినా, యూనిట్‌కు 0.7 కిలోల లెక్కన 2.1 టన్నులే.

అయితే ఆ 1.6 సగటు మాత్రమే. మీ ప్లాంటు లెక్క తేలాలంటే కంప్యూటర్ మోడల్ కట్టాలి. మీ ట్యాంకులో గ్యాసు ఎంత పుడుతుందో చాలావరకు తేల్చేది ఆక్సిజన్. ఆక్సిజన్ ఎక్కడ ఎంతుందో తెలియాలంటే ముందు నీరు ఎలా పారుతోందో తెలియాలి.

దానికి నౌపడ ఉప్పు చాలు: ట్యాంకులో పోసిన ఉప్పు ఎప్పుడు, ఎంత బయటికొస్తుందో చూస్తే నీటి పారకం తెలుస్తుంది. 4,000 ఘనమీటర్ల ఏరేషన్ (గాలి ఊదే) ట్యాంకుకు 200 కిలోలు పోస్తే లీటరుకు 50 మిల్లీగ్రాములు పెరుగుతుంది, బయటికి పారే చోట పెట్టిన కండక్టివిటీ మీటరు (నీటిలో కరెంటు ఎంత పారుతుందో కొలిచేది) సుమారు 100 మైక్రోసీమెన్స్/సెం.మీ. లేస్తుంది. ఉప్పును బాగా పల్చగా కరిగించి, ఒక్కసారే పోయాలి. చిక్కటి ఉప్పునీళ్లు బరువుకి అడుక్కి దిగిపోతాయి, గ్రాఫు అబద్ధం చెబుతుంది. మొదటి రెండు గంటలు ఐదేసి నిమిషాలకో రీడింగు, తర్వాత అరగంటకొకటి. ఇన్‌లెట్‌ దగ్గర ఇంకో మీటరు తప్పనిసరి. తీరానికి దగ్గర ఊళ్లలో మురుగులో ఉప్పు పూటపూటకీ మారొచ్చు, దాన్ని తీసేయకపోతే ఫలితం చెడుతుంది.

ఎక్కువమంది తప్పేది రిటర్న్ స్లడ్జ్ (మళ్లీ ట్యాంకులోకి పంపే బాక్టీరియా బురద) దగ్గర. ట్యాంకు 4,000 ఘనమీటర్లను రోజుకొచ్చే 10,000తో భాగిస్తే 9.6 గంటలు. లోపలికొచ్చే నీటిలో సగం వంతు స్లడ్జ్ వెనక్కి తిరుగుతుంటే ఒక్కో విడత నీరు ట్యాంకులో ఉండేది 6.4 గంటలే. పైగా ఉప్పు కూడా స్లడ్జ్‌తో తిరిగొచ్చి గ్రాఫులో రెండో గుట్ట కడుతుంది.

గ్రాఫులో సగటు కాలం వర్గాన్ని వేరియన్స్‌తో (కాలాల చెదురుతో) భాగిస్తే, మీ ట్యాంకు ఎన్ని చిన్న ట్యాంకుల వరసలా పనిచేస్తోందో వస్తుంది. మూడు వస్తే మోడల్లో మూడు గదులు పెట్టి, ఒక్కోదానికి విడిగా ఆక్సిజన్ ఇవ్వండి. మొదటి గదిలో లీటరుకు 0.3 మిల్లీగ్రాములు, చివర 3 ఉన్నచోట సగటు 1.5 అని రాస్తే గ్యాసు పుట్టే చోటే మాయమైపోతుంది. ఆక్సిజన్ చాలనప్పుడు అమ్మోనియా తినే బాక్టీరియా నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువగా వదులుతాయి. 1987 నాటి ఏఎస్ఎం1 అనే మురుగునీటి మోడల్‌కి ఈ దారే తెలీదు, అమ్మోనియా నుంచి నైట్రైట్, నైట్రైట్ నుంచి నైట్రేట్ అని రెండు మెట్లుగా రాసిన మోడల్ కావాలి.

మోడల్లో ముందే ఉండే డిఫాల్ట్ అంకెలు 20 డిగ్రీలవి. 30 డిగ్రీల దగ్గర మంచినీట్లో కరిగే ఆక్సిజన్ లీటరుకు 9.1 నుంచి 7.5 మిల్లీగ్రాములకి పడిపోతుంది. మన ఎండలకు తగ్గట్టు ఆ డిఫాల్ట్ అంకెల్ని మార్చాకే రన్ నొక్కండి.